విదేశంలో చదువుకు స్కాలర్‌షిప్ ఎక్కడ వెతకాలి? ముందు డబ్బు ఎవరి దగ్గరుందో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మార్కులు బాగున్నాయి, వేరే దేశంలో కాలేజీలో చేరాలని ఉంది, ఇంట్లోవాళ్ళకి అంత డబ్బు పెట్టే స్తోమత లేదు. ఆరు నెలలుగా స్కాలర్‌షిప్ వెబ్‌సైట్లన్నీ తిరగేసి ఇరవై దాకా అప్లికేషన్లు పంపారు. ఒక్కచోట నుంచీ జవాబు రాలేదు. అసలివి నిజంగా ఎవరికైనా వస్తాయా, వస్తే ఎక్కడ వెతకాలి, ఏజెంటుకి డబ్బు కడితే పని అవుతుందా అని అడిగారు.

వస్తాయి. కానీ మీరు వెతుకుతున్న చోట పెద్ద డబ్బు లేదు. విదేశీ విద్యార్థికి ఫీజు, తిండి, వసతి అన్నీ భరించగల డబ్బు ముఖ్యంగా మూడు చోట్ల ఉంటుంది: మీరు చేరబోయే యూనివర్సిటీ దగ్గర, ఆ దేశ ప్రభుత్వం దగ్గర, మీ సొంత దేశంలోని ప్రభుత్వ పథకాలు, ట్రస్టుల దగ్గర. వెబ్‌సైట్లలో వందల కొద్దీ కనిపించేవి చాలావరకు చిన్న మొత్తాలు, లేదంటే మీకు అర్హతే లేనివి. అందుకని ముందు యూనివర్సిటీని ఎంచుకుని, తర్వాత దానికి స్కాలర్‌షిప్ వెతుక్కునే పద్ధతి మానేయండి. మీలాంటి విద్యార్థికి డబ్బు ఇచ్చే దేశాలు, యూనివర్సిటీలు ఏవో ముందు తేల్చుకుని, వాటిలోంచి మీకు నచ్చిన కోర్సు ఎంచుకోండి. ఏజెంటు సంగతి చివర్లో చెప్తాను.

నేను పద్నాలుగేళ్ళుగా విద్యార్థులకి ఈ అప్లికేషన్లలో సాయం చేస్తున్నాను. నేనూ స్కాలర్‌షిప్ మీదే మాస్టర్స్ చదివాను. మొదటి ఏడాది అన్నిచోట్లా కాదన్నారు, రెండో ఏడాది వచ్చింది. ఆ ఏడాదిలో నా మార్కులేమీ పెరగలేదు. మొదటిసారి పేరు చూసి అప్లై చేశాను, రెండోసారి ఎవరు ఎవరికి ఇస్తున్నారో చదివి అప్లై చేశాను. తేడా అంతే.

మీరు పంపిన ఇరవై అప్లికేషన్ల జాబితా ఒకసారి బయటికి తీయండి. ఒక్కోదాని పక్కన మూడు ప్రశ్నలకి జవాబు రాయండి: నా దేశం వాళ్ళు అర్హులేనా? నేను చదవబోయే స్థాయికి, డిగ్రీ కానీ మాస్టర్స్ కానీ, ఇస్తారా? మొత్తం ఖర్చులో ఎంత ఇస్తారు? నిరుడు ఒకబ్బాయి ఇలాగే 23 పేర్ల జాబితాతో వచ్చాడు. ఇద్దరం కూర్చుని ఒక్కో నిబంధన చదివాం. తొమ్మిది ఆ దేశ పౌరులకి, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాళ్ళకి మాత్రమే. ఆరు ఇప్పటికే అక్కడి కాలేజీలో చేరినవాళ్ళకి. అయిదు లాటరీ లాంటివి, పేరు నమోదు చేసుకుంటే మన ఈమెయిల్ ఎవరికో అమ్ముకునే రకం. చివరికి మిగిలినవి మూడు. ఆ మూడింటి మీద అతను పెట్టిన సమయం మిగతా ఇరవై మీద పెట్టిన దానిలో పదో వంతు కూడా లేదు. మీ జాబితా కూడా ఇలాగే తేలుతుందని నా అనుమానం. కాబట్టి జవాబు రాకపోతే మీలో ఏదో లోపం ఉందని అనుకోకండి.

ఇక స్థాయిని బట్టి దారి మారుతుంది. మీరు డిగ్రీకి అని రాశారు కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్తాను.

డిగ్రీ స్థాయిలో పూర్తి సాయం దొరకడం కష్టం, కానీ దొరికే చోట్లు స్పష్టంగా తెలుసు. అమెరికాలో కొన్ని కాలేజీలు విదేశీ విద్యార్థి కుటుంబం ఎంత కట్టగలదో చూడకుండానే సీటు ఇవ్వాలా వద్దా అని నిర్ణయిస్తాయి. సీటు ఇచ్చాక కుటుంబం కట్టలేని మొత్తాన్ని అవే భరిస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ చాలాకాలంగా ఇలాగే చేస్తున్నాయి. 2022లో డార్ట్‌మత్, బోడన్ కూడా ఈ పద్ధతిలోకి వచ్చాయి. వీటిలో సీటు రావడం ఎంత కష్టమో మీకు తెలుసు. వీటి తర్వాతి వరసలో, పేరు అంతగా వినిపించని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు (ఎక్కువగా డిగ్రీ చదువు మీదే దృష్టి పెట్టేవి) చాలా ఉన్నాయి. అవి సీటు ఇచ్చేటప్పుడు ఆర్థిక అవసరాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. కానీ చేర్చుకున్న విద్యార్థికి మాత్రం అవసరమైనంతా ఇస్తాయి. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో పూర్తి సాయంతో డిగ్రీ చదివినవాళ్ళు ఎక్కువమంది ఇలాంటి కాలేజీల్లోనే చేరారు.

అయితే ఫలానా కాలేజీ విదేశీయులకి నిజంగా డబ్బు ఇస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? చాలామందికి తెలియని దారి ఒకటుంది. అమెరికాలోని చాలా కాలేజీలు ఏటా 'కామన్ డేటా సెట్' అనే పత్రాన్ని తమ వెబ్‌సైట్‌లో పెడతాయి. కాలేజీ పేరుతో పాటు ఆ మాట కలిపి గూగుల్ చేస్తే దొరుకుతుంది. అందులో హెచ్6 అనే భాగం దగ్గరికి వెళ్ళండి. విదేశీ డిగ్రీ విద్యార్థుల్లో ఎంతమందికి కాలేజీ తన సొంత డబ్బు ఇచ్చింది, సగటున ఎంత ఇచ్చింది అన్నది అక్కడ అంకెల్లో ఉంటుంది. బీ2 భాగంలో మొత్తం విదేశీ విద్యార్థులు ఎంతమందో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఉదాహరణకి ఒక కాలేజీలో విదేశీయులు 400 మంది, సాయం అందుకున్నవాళ్ళు 20 మంది, సగటు 8,000 డాలర్లు అనుకోండి. వెబ్‌సైట్‌లో ఎంత ఆకర్షణగా రాసుకున్నా అది మీకు పనికొచ్చే కాలేజీ కాదు. ఇంకోచోట విదేశీయులు 150 మందే, సాయం 110 మందికి, సగటు ఏడాది ఫీజుకి దగ్గరగా ఉంది. ఆ పేరు మీరెప్పుడూ వినకపోయినా జాబితాలో రాసుకోండి. ఒక సాయంత్రం కూర్చుంటే పదిహేను కాలేజీలు ఇలా జల్లెడ పట్టొచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. సాయం కావాలని అప్లికేషన్‌లోనే అడగాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, ఇక్కడ అది అక్షరాలా నిజం. ఒకబ్బాయి సాయం అక్కర్లేదు అని టిక్ పెడితే సీటు వచ్చే అవకాశం పెరుగుతుందని ఎవరో చెప్తే నమ్మి అలాగే చేశాడు. సీటు వచ్చింది. తర్వాత సాయం కావాలని రాస్తే, విదేశీ విద్యార్థి మొదట అడగకపోతే నాలుగేళ్ళూ అడగడానికి వీల్లేదని నిబంధన చూపించారు. ఆ సీటు వదులుకున్నాడు. చాలా కాలేజీల్లో ఈ నిబంధన ఉంటుంది, తప్పకుండా చదవండి. ఇంకో పొరపాటు: ఆదాయం వివరాలు అడిగితే మొహమాటపడి ఎక్కువ చేసి రాయడం. చల్లకొచ్చి ముంత దాచినట్టు ఉంటుంది. అమెరికా ప్రభుత్వ ఫారమ్ అయిన ఎఫ్ఏఎఫ్ఎస్ఏ విదేశీ విద్యార్థులకి వర్తించదు. మీలాంటివాళ్ళని చాలా కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఆదాయ వివరాల ఫారమ్ నింపమంటాయి, కొన్నిటికి సొంత ఫారమ్ ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ ఫారమ్ ఫీజు కట్టలేకపోతే మాఫీ చేస్తారా అని కాలేజీకే మెయిల్ పెట్టండి. నేను చూసినంతలో మర్యాదగా అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని బెరియా కాలేజీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ ఎవరి దగ్గరా ట్యూషన్ ఫీజు తీసుకోరు. చేర్చుకున్న విదేశీ విద్యార్థికి మొదటి ఏడాది ఖర్చు మొత్తం కాలేజీదే. బదులుగా ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు క్యాంపస్‌లో పని చేయాలి. తీసుకునేది తక్కువమందిని కాబట్టి పోటీ ఎక్కువే. అబుదాబిలోని ఎన్‌వైయూ (న్యూయార్క్ యూనివర్సిటీ) క్యాంపస్ కూడా విదేశీ విద్యార్థులకి పెద్ద మొత్తంలో సాయం చేస్తుంది. కెనడాలో టొరంటో యూనివర్సిటీ ఇచ్చే లెస్టర్ బి. పియర్సన్ స్కాలర్‌షిప్‌లో నాలుగేళ్ళ ట్యూషన్, పుస్తకాలు, వసతి అన్నీ ఉంటాయి. కానీ దానికి మిమ్మల్ని మీ స్కూలే నామినేట్ చేయాలి. ఈ సంగతి స్కూలు వాళ్ళకే తెలియక పోగొట్టుకున్న పిల్లలున్నారు. ప్రిన్సిపాల్ దగ్గరికి మీరే వెళ్ళి చెప్పాలి.

డిగ్రీకి కూడా డబ్బిచ్చే ప్రభుత్వాలు ఉన్నాయి. జపాన్ ప్రభుత్వ మెక్స్‌ట్ స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, నెలవారీ భత్యం, విమాన టికెట్ కలిసి ఉంటాయి. డిగ్రీ విద్యార్థులు మీ దేశంలోని జపాన్ రాయబార కార్యాలయం ద్వారా అప్లై చేసి రాత పరీక్ష రాయాలి. మామూలుగా మొదటి ఏడాది జపనీస్ నేర్పించి, ఆ తర్వాత నాలుగేళ్ళ డిగ్రీ. కొరియా ప్రభుత్వ జీకేఎస్ పథకమూ ఇలాంటిదే, ఏడాది భాష, తర్వాత డిగ్రీ. అందులో రాయబార కార్యాలయం దారి, యూనివర్సిటీ దారి అని రెండున్నాయి, ఏదో ఒకటే ఎంచుకోవాలి. టర్కీ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కి మామూలుగా జనవరి 10 నుంచి ఫిబ్రవరి 20 వరకు ఆన్‌లైన్‌లో, ఏ ఫీజూ లేకుండా అప్లై చేయొచ్చు. హంగరీ 2013లో మొదలుపెట్టిన స్టిపెండియం హంగారికమ్‌కి జనవరి మధ్యలో గడువు ఉంటుంది. దానికి మీ దేశంలోని భాగస్వామ్య సంస్థ కూడా మీ పేరు పంపాలి. యూనివర్సిటీ ఒప్పుకుంటే చాలదు.

వీటిలో కష్టం కూడా తెలుసుకోండి. పూర్తిగా తెలియని భాషలో ఏడాది చదివి, ఆ భాషలోనే ఇంజనీరింగో వైద్యమో చదవాలంటే మాటలు కాదు. కొరియా పథకంలో భాషా పరీక్షలో కనీసం మూడో స్థాయి తెచ్చుకోవాలి. హంగరీ ఇచ్చే భత్యం అక్కడ బతకడానికి పూర్తిగా సరిపోదు, మిగతాది మీరే చూసుకోవాలని వాళ్ళే చెప్తారు. 'ఫుల్ స్కాలర్‌షిప్' అన్న మాట దగ్గర ఆగిపోకుండా నెలకి ఎంత ఇస్తారు, ఆ ఊళ్ళో అద్దె ఎంత అని లెక్క వేసుకోండి.

స్కాలర్‌షిప్ అనే పేరు లేని సాయం కూడా ఉంటుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావాటిలో విదేశీయులకి కూడా ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటివాళ్ళ దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటున్నారు. ఇంకొన్ని యూనివర్సిటీలు కూడా ఫీజులు మొదలుపెడుతున్నాయి. ఫీజు లేదు కదా అని డబ్బు లేకుండా వెళ్ళలేరు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకి కొంత మాత్రమే తీసుకోగలిగే బ్యాంకు ఖాతాలో, ఏడాది ఖర్చు చూపించాలి, 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. అక్కడ చేరాక డాయిచ్‌లాండ్‌స్టిపెండియం అని నెలకి 300 యూరోలు వస్తుంది, సగం ప్రభుత్వం, సగం ప్రైవేటు దాతలు ఇస్తారు. ఏ దేశం వాళ్ళైనా అడగొచ్చు. ఇటలీలో ప్రాంతీయ ప్రభుత్వాల డీఎస్‌యూ సాయం కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇస్తారు, అదీ విదేశీయులకి వర్తిస్తుంది. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబం నుంచి వచ్చినవాళ్ళకి ఇది చాలా మంచి దారి. కానీ ఆదాయం, ఆస్తి పత్రాలు అనువాదం చేయించి, అధికారికంగా ధృవీకరించి పంపాలి. దానికే రెండు మూడు నెలలు పడుతుంది.

పాత సమాచారాన్ని నమ్మకండి. నార్వేలో చదువు ఉచితం అని ఇప్పటికీ ఎన్నోచోట్ల రాసి ఉంటుంది. 2023 శరదృతువు నుంచి ఐరోపా బయటివాళ్ళకి అక్కడ ఫీజులు వచ్చేశాయి. స్వీడన్‌లో 2011 నుంచి, ఫిన్లాండ్‌లో 2017 నుంచి ఉన్నాయి. ఏ విషయమైనా యూనివర్సిటీ సొంత పేజీలో, ఈ ఏడాది తేదీతో ఉంటేనే నిజమని తీసుకోండి.

మాస్టర్స్ గురించి క్లుప్తంగా చెప్తాను, తర్వాత మీకు పనికొస్తుంది. బ్రిటన్ ప్రభుత్వ షెవెనింగ్ స్కాలర్‌షిప్‌కి కనీసం రెండేళ్ళ ఉద్యోగ అనుభవం, అంటే 2,800 గంటలు ఉండాలి. చదువయ్యాక రెండేళ్ళు సొంత దేశంలో ఉండాలన్న షరతు ఉంది. ఐరోపా సమాఖ్య డబ్బిచ్చే ఎరాస్మస్ ముండస్ జాయింట్ మాస్టర్స్‌లో కనీసం రెండు దేశాల్లో చదువుతారు. స్కాలర్‌షిప్ వచ్చినవాళ్ళకి నెలకి 1,400 యూరోలు ఇస్తారు. ఆ కోర్సు నడిపే యూనివర్సిటీల బృందానికే నేరుగా అప్లై చేయాలి. ఫ్రాన్స్ ఈఫిల్ స్కాలర్‌షిప్‌కి విద్యార్థి సొంతంగా అప్లై చేయలేడు, అక్కడి విద్యాసంస్థే మీ పేరు పంపాలి, కాబట్టి అసలు గడువుకి చాలా ముందే ఆ సంస్థని అడగాలి. విదేశీ విద్యార్థులకి స్కాలర్‌షిప్‌లిచ్చే జర్మనీ సంస్థ డీఏఏడీకి పెద్ద డేటాబేస్ ఉంది, దేశం, సబ్జెక్టు, స్థాయి పెట్టి వెతకొచ్చు. అందులో ఎక్కువ భాగం మాస్టర్స్, పీహెచ్‌డీలకే. రోటరీ గ్లోబల్ గ్రాంట్ కనీసం 30,000 డాలర్లు ఉంటుంది. కానీ దానికి మీ దగ్గర ఒక రోటరీ క్లబ్, అక్కడ ఒక క్లబ్ కలిసి ముందుకు రావాలి.

పీహెచ్‌డీ అయితే స్కాలర్‌షిప్ అని వెతకడమే తప్పు. అమెరికాలో సైన్స్, ఇంజనీరింగ్ పీహెచ్‌డీ సీటుతో పాటే ట్యూషన్ మాఫీ, స్టైపెండ్ ఇవ్వడం మామూలు. జర్మనీ, నెదర్లాండ్స్, స్కాండినేవియా దేశాల్లో చాలావరకు అది జీతం వచ్చే ఉద్యోగం, ఉద్యోగ ప్రకటనల్లోనే వస్తుంది. ఈ సంగతి తెలియక రెండేళ్ళు స్కాలర్‌షిప్‌ల కోసం ఎదురుచూసినవాళ్ళని చూశాను.

ఇప్పుడు సమయం గురించి. క్లాసులు మొదలయ్యే నెలకి 15 నుంచి 18 నెలల ముందు పని మొదలుపెట్టాలి. పెద్ద స్కాలర్‌షిప్‌ల గడువు చాలాసార్లు అడ్మిషన్ గడువుకన్నా ముందే ముగుస్తుంది. షెవెనింగ్ ఆగస్టులో తెరిచి అక్టోబరులో మూసేస్తారు, అప్పటికి చాలామంది ఇంకా ఏ దేశం వెళ్ళాలా అని ఆలోచిస్తుంటారు. అమెరికా కాలేజీల్లో మొదటి గడువు నవంబరులో, మామూలు గడువు జనవరి మొదట్లో. సీటు వచ్చాక స్కాలర్‌షిప్ చూద్దాంలే అనుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

సమయం విషయంలో విద్యార్థులని ఎక్కువగా దెబ్బతీసేది సిఫారసు లేఖ. నా దగ్గర ఒకమ్మాయి అన్నీ సిద్ధం చేసి, గడువుకి ముందురోజే అప్లికేషన్ పంపింది. ఆమె లెక్చరర్ లేఖ మరునాడు ఉదయం అప్‌లోడ్ చేశారు, అక్కడి గడియారం ప్రకారం అప్పటికే గడువు దాటింది. ఆయన తప్పేమీ లేదు, ఆమె చెప్పిన తేదీ అదే. ఆ ఏడాది పోయింది. అప్పటినుంచి నేను అందరికీ చెప్పేది: లేఖ రాసేవాళ్ళకి అసలు గడువుకి పది రోజుల ముందు తేదీ చెప్పండి. దానితో పాటు ఒక పేజీ కాగితం ఇవ్వండి. అందులో స్కాలర్‌షిప్ ఏమిటి, వాళ్ళు చూసేది ఏమిటి, ఆ టీచర్ క్లాసులో మీరు చేసిన ఫలానా ప్రాజెక్టు ఏమిటి అని రాయండి. 'తెలివైన, క్రమశిక్షణ గల విద్యార్థి' అని రాసిన లేఖలు వందల్లో వస్తాయి. 'మూడో ప్రయోగం విఫలమైతే వదలకుండా మళ్ళీ మొదటి నుంచి చేసింది' అని రాస్తే చదివేవాళ్ళు అక్కడ ఆగుతారు.

అప్లికేషన్‌తో పంపే వ్యాసం దగ్గర కూడా ఇదే విషయం. ఒకమ్మాయి నీటి నాణ్యత మీద మాస్టర్స్‌కి అప్లై చేస్తూ మొదటి వాక్యం ఇలా రాసింది: 'చిన్నప్పటి నుంచీ సమాజానికి సేవ చేయాలన్నది నా కల.' నేను చదివిన వ్యాసాల్లో ఎన్నో ఇలాగే మొదలవుతాయి. వ్యాసం పక్కన పెట్టి, నువ్వు ఉద్యోగంలో రోజూ ఏం చేస్తావని అడిగాను. బావుల నుంచి నమూనాలు తెచ్చి ల్యాబ్‌కి పంపుతానంది. ఎప్పుడైనా ఏదైనా తేడా వచ్చిందా అంటే, ఒకసారి ఒకే బావి నుంచి తీసిన రెండు నమూనాలకి పూర్తిగా వేరు ఫలితాలు వచ్చాయంది. అందరూ ల్యాబ్‌ని అనుమానించారట. ఈ అమ్మాయి మూడు వారాలు వెంటబడి, కొన్ని సీసాలు వ్యానులో గంటల తరబడి ఎండలో ఉండిపోతున్నాయని కనిపెట్టింది. అప్పటినుంచి ప్రతి సీసా మీద తీసిన సమయం రాయడం మొదలుపెట్టించింది. ఇదంతా నాకు మామూలుగా, పెద్ద విషయమేమీ కానట్టు చెప్పింది. కొత్త వ్యాసం 'ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒకే బావి నీళ్ళు నాకు రెండు రకాలుగా జవాబు చెప్పాయి' అని మొదలైంది. స్కాలర్‌షిప్ వచ్చింది. అది ఒక్క వాక్యం వల్లే అని నేననను, కానీ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ సీసాల గురించే అడిగారట.

మీరు డిగ్రీ విద్యార్థి కాబట్టి ఇంత అనుభవం ఉండదు, ఉండాలని ఎవరూ అనుకోరు. ఇంట్లో తమ్ముడికి లెక్కలు చెప్పడం, తల్లిదండ్రుల పనిలో సాయపడటం, ఇవి కూడా చెప్పుకోదగ్గ విషయాలే. సర్టిఫికెట్ లేదు కదా అని దాచేయకండి.

స్కాలర్‌షిప్ ఇస్తున్నామని ఉత్తరం వచ్చాక కూడా పని ఉంటుంది. ఆనందంలో వెంటనే ఒప్పుకోకండి. ఒకబ్బాయికి సగం ఫీజు స్కాలర్‌షిప్ వచ్చింది. ప్రతి సెమిస్టర్‌లో జీపీఏ (మార్కుల సగటు, 4కి) 3.5 నిలబెట్టుకోవాలన్న షరతు రెండో పేజీలో ఉంది, చూసుకోలేదు. రెండో సెమిస్టర్‌లో 3.4 వచ్చింది. మిగిలిన మూడేళ్ళకి ఆ కుటుంబం అప్పు చేసింది. అందుకే ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: ఇది ఒక్క ఏడాదికా, నాలుగేళ్ళకా? మార్కులు ఎంత ఉండాలి, ఒకసారి తగ్గితే మళ్ళీ అవకాశం ఇస్తారా? ఏటా ఫీజు పెరిగితే స్కాలర్‌షిప్ కూడా పెరుగుతుందా? ఆరోగ్య బీమా ఇందులో ఉందా? అమెరికా అయితే ఇంకొకటి: ట్యూషన్, పుస్తకాలకి కాకుండా వసతికి, తిండికి ఇచ్చే భాగం మీద పన్ను పడుతుంది. విద్యార్థులకి ఇచ్చే ఎఫ్-1, జె-1 వీసా ఉన్నవాళ్ళ దగ్గర మామూలుగా 14 శాతం ముందే పట్టుకుంటారు. కొన్ని దేశాలకి పన్ను ఒప్పందాల వల్ల తేడా ఉంటుంది.

ఇచ్చిన సాయం కొంచెం తక్కువపడితే మళ్ళీ అడగొచ్చు. ఒకమ్మాయికి ఏడాదికి 4,000 డాలర్లు తక్కువపడింది. అప్లికేషన్ పంపాక వాళ్ళ నాన్న ఉద్యోగం పోయింది. ఆ సంగతి, ఉద్యోగం పోయిన కాగితం, సరిగ్గా ఎంత తక్కువైందో చెప్తూ ఐదు వాక్యాల మెయిల్ పంపింది. బతిమాలలేదు, వేరే కాలేజీ ఎక్కువిస్తోందని బెదిరించలేదు. పదకొండు రోజులకి 3,000 పెంచి కొత్త ఉత్తరం పంపారు. మిగతా వెయ్యికి వాళ్ళే క్యాంపస్‌లో చేసుకునే పని చూపించారు.

ఇక ఏజెంటు విషయం. చాలా యూనివర్సిటీలు తమకి విద్యార్థిని తెచ్చిన ఏజెంటుకి, ఆ విద్యార్థి కట్టే ఫీజులోంచి కమిషన్ ఇస్తాయి. అంటే మీకు పూర్తి స్కాలర్‌షిప్ వస్తే అతనికి వచ్చేది ఏమీ ఉండదు. అందుకే ఏజెంట్లు చూపించే జాబితాలో పూర్తి సాయం ఇచ్చే కాలేజీలు సాధారణంగా కనిపించవు. 'పది శాతం స్కాలర్‌షిప్ ఇప్పించాను' అని చెప్పేది కూడా చాలాసార్లు ఆ యూనివర్సిటీ అందరికీ ఇచ్చే తగ్గింపే, చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడమే. నిజాయితీగా పనిచేసే ఏజెంట్లు లేరని నేననను. ఫీజు కట్టగలిగిన కుటుంబాలకి వీసా కాగితాల్లో వాళ్ళు ఉపయోగపడతారు. మీ పరిస్థితిలో ఉన్నవాళ్ళకి మాత్రం ఆ డబ్బు దండగ. స్కాలర్‌షిప్ గ్యారంటీ అన్నా, ప్రాసెసింగ్ ఫీజు ముందు కట్టమన్నా, మీరు అప్లై చేయనిదానికి ఎంపికయ్యారని మెయిల్ వచ్చినా అక్కడితో వదిలేయండి. అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ళు పాస్‌పోర్ట్ కాపీ, బ్యాంక్ వివరాలు అడుగుతారు. అవి ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోలేరు.

అదే సలహా ఉచితంగా ఇచ్చేవాళ్ళున్నారు. అమెరికాకి ఎడ్యుకేషన్ యూఎస్ఏ, అది వాళ్ళ విదేశాంగ శాఖ నడిపేది. పరీక్ష ఫీజు, అప్లికేషన్ ఫీజు కట్టలేని ప్రతిభావంతులకి కొన్ని దేశాల్లో 'ఆపర్చునిటీ ఫండ్స్' అనే కార్యక్రమం కింద ఆ ఖర్చు కూడా భరిస్తూ వచ్చింది, ఇప్పుడు మీ దేశంలో ఉందో లేదో అడగండి. ఫ్రాన్స్‌కి క్యాంపస్ ఫ్రాన్స్, జర్మనీకి డీఏఏడీ ఉన్నాయి. ముందు వీళ్ళ దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడు మీరు నాలుగు విషయాలు రాసి పంపండి: ఏ సబ్జెక్టు, ఏ ఏడాది చేరాలని ఉంది, ఇంట్లోవాళ్ళు ఏడాదికి నిజంగా ఎంత పెట్టగలరు, మీరు పంపిన ఇరవై పేర్లు. వాటిలో ఏవి ఇంకా పనికొస్తాయో, వాటి బదులు ఏవి చూడాలో నేను ఒక్కొక్కటీ చూసి చెప్తాను.